ఇంట్లో ఫైల్ షేరింగ్: ఫైర్‌వాల్ మీద పడ్డ నిందలు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. హాల్లో ఉన్న మా పాత డెస్క్‌టాప్ విండోస్ 11కి పనికిరాదని అప్‌డేట్ పేజీ ఎప్పుడో తేల్చేసింది. అందుకే విండోస్ 11 ప్రోతో కొత్త ల్యాప్‌టాప్ తీసుకున్నాం. ఇక డెస్క్‌టాప్‌లో ఏళ్ల తరబడి పోగుపడిన ఫొటోలు, వీడియోలు, స్కాన్ చేసి దాచిన కాగితాలు ఇటు తెచ్చుకోవాలి. ఆ తర్వాత కూడా అమ్మ హాల్లో, నేను మేడ మీద గదిలో కూర్చుని ఒకే ఫోల్డర్ తెరుచుకునేలా ఉండాలి. అక్టోబర్ చివర్లో ఒక శనివారం సాయంత్రం మొదలుపెట్టాను. రాత్రికల్లా అయిపోతుందనుకున్నాను. పూర్తయ్యేసరికి నవంబర్ సగం దాటింది.

పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే పోయేదిగా అని మా తమ్ముడు ఫోన్‌లో అన్నాడు. ముందు అదే చూశాను. ఇంట్లో ఉన్న పెన్‌డ్రైవ్ ఫ్యాట్ 32 ఫార్మాట్‌లో ఉంది, 4 జీబీ దాటిన ఫైల్‌ని తీసుకోదు. పెళ్లి వీడియోలు ఒక్కోటీ అంతకంటే పెద్దవే. ఆ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లోకి మార్చొచ్చు గానీ, రోజూ వాడే ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో మోసుకుంటూ మెట్లెక్కి దిగడం నాకు నచ్చలేదు.

ల్యాప్‌టాప్ కూడా హాల్లోనే పెట్టుకుని కూర్చున్నాను. డెస్క్‌టాప్‌లో ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్. షేర్ అయిందని చెప్పింది. ల్యాప్‌టాప్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి నెట్‌వర్క్ మీద నొక్కితే ఖాళీ. పైన పసుపు పట్టీలో నెట్‌వర్క్ డిస్కవరీ (పక్క కంప్యూటర్లని వెతికే ఏర్పాటు) ఆఫ్‌లో ఉందని ఒక వాక్యం. దాన్ని ఆన్ చేస్తే ల్యాప్‌టాప్ తన పేరు తానే చూపించుకుంది, అంతే.

సెట్టింగ్స్‌లో వైఫై వివరాల్లోకి వెళితే రెండు కంప్యూటర్లలోనూ మా ఇంటి నెట్‌వర్క్ 'పబ్లిక్' అని ఉంది. కొత్త నెట్‌వర్క్ ఏది కలిపినా విండోస్ 11 దాన్ని మామూలుగా పబ్లిక్ కిందే రాసుకుంటుంది. అంటే బస్టాండ్ వైఫైని ఎంత నమ్ముతుందో మన ఇంటి వైఫైనీ అంతే నమ్ముతుంది. పబ్లిక్‌లో ఉన్నంతసేపు ఫైర్‌వాల్, అంటే నెట్‌వర్క్ నుంచి వచ్చేవాటిని వడపోసే కాపలా, మన కంప్యూటర్‌ని పక్కవాళ్లకి కనపడనివ్వదు. రెండింటినీ ప్రైవేట్‌కి మార్చాను. డెస్క్‌టాప్‌లో 'ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్' అనే సర్వీస్ ఆగిపోయి ఉంటే దాన్ని కూడా ఆటోమేటిక్‌లో పెట్టాను. నెట్‌వర్క్‌లో కంప్యూటర్ పేరు చాటేది అదే. రీస్టార్ట్ చేశాక పేరు కనపడింది. చాలా సంతోషపడ్డాను.

పేరు మీద డబుల్ క్లిక్ చేస్తే అడ్రస్ బార్‌లో ఆకుపచ్చ గీత మెల్లగా పాకడం మొదలుపెట్టింది. పాకుతూ పాకుతూ చివరిదాకా వెళ్లి ఆగి, చాలాసేపటికి 'నెట్‌వర్క్ పాత్ దొరకలేదు' అని ఒక బాక్స్, చివర 80070035 అనే అంకె. తర్వాతి రోజుల్లో ఆ అంకె నాకు కంఠతా వచ్చేసింది. పోర్టు (కంప్యూటర్‌లోకి నెట్‌వర్క్ వచ్చే నంబరు తలుపు) మూసుకుపోయినా అదే అంకె, అవతలి కంప్యూటర్ నిద్రపోతున్నా అదే, పేరు తప్పు అడ్రస్‌కి దారి తీసినా అదే. కారణం ఏదన్నది మనమే కనిపెట్టుకోవాలి. నాకు ఎక్కువ టైమ్ తిన్నది ఇదే.

ఆదివారం తెలిసిన టెక్నీషియన్‌కి ఫోన్ చేస్తే "ఫైర్‌వాల్ ఆఫ్ చేసేయండి మేడమ్, అంతే" అన్నాడు. లైన్‌లో ఉండగానే ల్యాప్‌టాప్‌లో ఆఫ్ చేశాను. డెస్క్‌టాప్‌లో మాత్రం ఆ బటన్లు నొక్కుడు పడటం లేదు. ఈ సెట్టింగ్‌లను వేరే ప్రోగ్రామ్ చూసుకుంటోందని పైన ఒక లైను ఉంది. అది చదివి వినిపిస్తే "అయితే ఆఫే అనుకోండి" అన్నాడు. మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ 80070035. "అయితే విండోస్ మళ్లీ వేయాలి మేడమ్, మెషిన్ తీసుకురండి" అన్నాడు. ఆలోచించి చెప్తానని ఫోన్ పెట్టేసి ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్ వెంటనే ఆన్ చేసేశాను. పరీక్ష కోసం అయిదు నిమిషాలు ఆపడం వేరు, ఆపి వదిలేయడం వేరు.

ఆ వేరే ప్రోగ్రామ్ ఏంటా అని చూస్తే, డెస్క్‌టాప్ కొన్నప్పుడు వచ్చిన యాంటీవైరస్. గడువు తీరి ఏళ్లయింది, స్కాన్ చేయడం మానేసింది. దాని ఫైర్‌వాల్ మాత్రం డ్యూటీ మానలేదు. మా రౌటర్‌ని 'నమ్మకం లేని నెట్‌వర్క్' కింద పెట్టుకుని లోపలికి వచ్చే ప్రతిదాన్నీ ఆపుతోంది. ఆ మాట మార్చుదామంటే డబ్బు కట్టి రెన్యూ చేయమంటోంది.

ఇక్కడ తమ్ముడు ఒక పద్ధతి నేర్పాడు. వాడి ఉద్యోగం నెట్‌వర్కులతోనే. "అక్కా, పింగ్‌ని నమ్మకు. ముందు 445 తెరిచి ఉందో లేదో చూడు" అన్నాడు. విండోస్ ఫైల్ షేరింగ్ నడిచేది 445 నంబరు టీసీపీ పోర్టు మీద. పింగ్, అంటే అవతలి కంప్యూటర్ పలుకుతుందా అని పిలిచి చూడటం, దానికి సంబంధం లేని వేరే దారి. పింగ్‌కి జవాబు రాకపోయినా షేరింగ్ పనిచేయొచ్చు, పింగ్ బాగా వస్తూనే షేరింగ్ మూసుకుపోయి ఉండొచ్చు. విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ అనే కమాండ్‌కి డెస్క్‌టాప్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా), పోర్టు 445 ఇచ్చి ఎంటర్ కొడితే చాలు. కుదరకపోతే ఇరవై సెకన్లకు పైనే నాన్చి, పసుపు అక్షరాల్లో హెచ్చరిక వేసి, ఆఖరి వరసలో ఫాల్స్ అంటుంది. కుదిరితే చిటికెలో ట్రూ అంటుంది. ఎక్స్‌ప్లోరర్‌లో ఆకుపచ్చ గీతని చూస్తూ కూర్చోవడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం.

యాంటీవైరస్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేశాను. ఫాల్స్. రీస్టార్ట్ చేశాను. ఫాల్స్. మామూలుగా తీసేస్తే దాని నెట్‌వర్క్ ఫిల్టర్ లోపల మిగిలిపోయిందట. ఆ కంపెనీ వాళ్లదే శుభ్రం చేసే టూల్ ఒకటి విడిగా ఉంటే, దాన్ని దించుకుని నడిపి మళ్లీ రీస్టార్ట్ చేస్తే అప్పుడు వచ్చింది ట్రూ. విండోస్ సొంత ఫైర్‌వాల్ తనంతట తానే ఆన్ అయింది, అయినా 445 తెరిచే ఉంది. ప్రైవేట్ నెట్‌వర్క్‌లో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్‌కి దానిలో అనుమతి ఉంది మరి. అంటే విండోస్ ఫైర్‌వాల్ ఆ రెండు రోజులూ ఊరికే తిట్లు తింది.

అక్కడితో అయిపోలేదు, యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ అడిగింది. రోజూ కొట్టే పిన్ కొట్టాను, ఒప్పుకోలేదు. పిన్ అనేది ఆ ఒక్క మెషిన్ ముందు కూర్చున్నప్పుడే పనిచేస్తుంది, నెట్‌వర్క్‌లో చెల్లదు. అమ్మ ఖాతాతో చూద్దామంటే దానికి పాస్‌వర్డే లేదు. పాస్‌వర్డ్ లేని ఖాతాలను విండోస్ నెట్‌వర్క్ నుంచి రానివ్వదు. అమ్మకి పాస్‌వర్డ్ పెడదామంటే "నన్ను మాత్రం తిప్పలు పెట్టకు" అని ముందే చెప్పేసింది. అందుకని డెస్క్‌టాప్‌లో షేరింగ్ కోసమే ఒక లోకల్ యూజర్‌ని తయారుచేసి, పెద్ద పాస్‌వర్డ్ ఇచ్చాను. ఆ ఖాతాతో ఎవరూ కూర్చుని పనిచేయరు, నెట్‌వర్క్‌లో తలుపు తీయడానికే అది. ల్యాప్‌టాప్‌లో యూజర్‌నేమ్ రాసేటప్పుడు ముందు డెస్క్‌టాప్ పేరు, తర్వాత వెనక్కి వాలిన గీత, ఆ తర్వాత యూజర్ పేరు రాయాలి. వట్టి యూజర్ పేరే రాస్తే ల్యాప్‌టాప్ తన దగ్గరున్న ఖాతా అనుకునే ప్రమాదం ఉంది.

అయినా కుదరలేదు, ఈసారి అడగకుండానే తోసిపుచ్చింది. తమ్ముడు క్రెడెన్షియల్ మేనేజర్ చూడమన్నాడు. కంట్రోల్ ప్యానెల్‌లో, విండోస్ క్రెడెన్షియల్స్ కింద, ఇందాకటి ప్రయత్నాల్లోని పాత వివరాలు భద్రంగా దాచి ఉన్నాయి. 'గుర్తుపెట్టుకో' అనే టిక్కు ఫలితం. దాన్ని తీసేసి, ఒకసారి సైన్ అవుట్ అయి వచ్చాక ఫోల్డర్ తెరుచుకుంది.

తెరుచుకున్న ఫోల్డర్‌లో సగం ఫోల్డర్లకి అనుమతి లేదు. దీని సంగతి చూస్తే నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది. షేరింగ్ ట్యాబ్‌లో నేను ఇచ్చిన అనుమతి ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లో డిస్కు మీద రాసి ఉన్న అనుమతి ఇంకొకటి. రెండింటిలో ఏది బిగుతుగా ఉంటే అదే చెల్లుతుంది. పాత ఫొటోల ఫోల్డర్ల సెక్యూరిటీ ట్యాబ్ తెరిస్తే, యూజర్ పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం బొమ్మ, పక్కన 'ఎస్-1-5-21' అని మొదలై బారెడు పొడుగున అంకెలు. కొన్నేళ్ల కిందట విండోస్ మళ్లీ వేయించినప్పుడు పోయిన ఖాతా అది. ఫైళ్లు ఇంకా తనవేనని డిస్కు మీద రాసే ఉంది. అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ఓనర్‌ని మార్చి, లోపలి ఫోల్డర్లన్నిటికీ వర్తించమని టిక్కు పెట్టి, కొత్త యూజర్‌కి అనుమతి ఇచ్చాను. ఫైల్ పేర్లు ఒక్కొక్కటీ చిన్న బాక్స్‌లో పరిగెడుతూ గంటన్నర పట్టింది. ఇదే పనిని మొత్తం సీ డ్రైవ్ మీద చేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినొద్దు. సిస్టమ్ ఫోల్డర్ల అనుమతులు చెదిరితే విండోస్ లేవడమే కష్టం.

కాపీ మొదలైంది. వైఫై మీద సెకనుకి మూడు నాలుగు ఎంబీ. రాత్రి వదిలేసి పడుకుంటే పొద్దున 'నెట్‌వర్క్ పాత్ దొరకలేదు'. డెస్క్‌టాప్ నిద్రలోకి జారిపోయింది. అవతల కాపీ నడుస్తున్నా సరే, పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ని 'నెవర్' చేసేదాకా నాకు నమ్మకం కుదరలేదు. తర్వాత రెండింటికీ లాన్ కేబుల్ తగిలించి, ఎక్స్‌ప్లోరర్ బదులు విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ కమాండ్‌తో నడిపాను. మధ్యలో ఆగినా మళ్లీ అదే కమాండ్ ఇస్తే వెళ్లిపోయినవి వదిలేసి మిగిలినవి అందుకుంటుంది. కేబుల్‌తో వేగం పదకొండు ఎంబీ దగ్గర ఆగిపోయింది. 100 ఎంబీపీఎస్ లింకు మీద అంతకంటే రాదు. రెండు వైపులా గిగాబిట్ పోర్టులే కాబట్టి తప్పు కేబుల్‌దే అయ్యుండాలని కొత్తది తెప్పించాను. మార్చగానే సెకనుకి నూరు దాటింది. ఈ మొత్తం వ్యవహారంలో నేను డబ్బు పెట్టి కొన్నది ఆ ఒక్క కేబులే.

ల్యాప్‌టాప్ పట్టుకుని మేడ మీదికి వెళ్లాను. నెట్‌వర్క్‌లో డెస్క్‌టాప్ మాయం.

టెన్షన్ పడి మళ్లీ అన్నీ చూశాను, ప్రైవేట్ ప్రైవేట్‌గానే ఉంది. అప్పుడు ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ చూస్తే 192.168.1తో మొదలవుతోంది. కింద డెస్క్‌టాప్‌ది 192.168.0. మేడ మీద సిగ్నల్ రావడం లేదని పెట్టించుకున్న రెండో రౌటర్ తన సొంత నెట్‌వర్క్ నడుపుకుంటోందన్నమాట. కంప్యూటర్లు తమ పేర్లు చాటుకునే కేకలు ఒక నెట్‌వర్క్ గోడ దాటి రెండోదానిలోకి వినపడవు. తమాషా ఏమిటంటే పేరు బదులు \\192.168.0.14 అని డెస్క్‌టాప్ అడ్రస్ కొడితే మేడ మీంచి కిందికి ఫోల్డర్ తెరుచుకుంది. కింది నుంచి పైకి మాత్రం ఎంత కొట్టినా రాలేదు. పై రౌటర్ కిందికి పంపేటప్పుడు తన అడ్రస్ తగిలించి పంపుతుంది, జవాబు ఆ దారినే తిరిగొస్తుంది. కింద నుంచి కొత్తగా వచ్చేదాన్ని మాత్రం గేటు దగ్గరే ఆపేస్తుంది. ఇక్కడ నిజంగానే ఒక ఫైర్‌వాల్ అడ్డుపడింది. కాకపోతే అది కంప్యూటర్లలో కాదు, గోడకి వేలాడుతున్న రౌటర్‌లో ఉంది.

రెండో రౌటర్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంది. అది ఎంచుకుంటే అడ్రస్‌లు పంచే పని మానేసి, వట్టి వైఫై మాత్రం ఇస్తుంది. మార్చాక దాని పాత అడ్రస్ పనిచేయదు, లాగిన్ పేజీ కోసం కింది రౌటర్ జాబితాలో వెతుక్కోవాలి. మేడ మీద కూడా 192.168.0 వచ్చింది. డెస్క్‌టాప్ మాత్రం ఇంకా కనపడలేదు. గేట్‌వే, అంటే బయటికి దారి చూపే రౌటర్, మారేసరికి విండోస్ దీన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుని మళ్లీ పబ్లిక్ కింద రాసుకుంది. ప్రైవేట్ చేశాను, వచ్చింది. రౌటర్‌లో ఏది ముట్టుకున్నా ఆ తర్వాత ఈ ఒక్క సెట్టింగ్ చూసుకోవడం నాకు అలవాటైపోయింది.

చెల్లి ల్యాప్‌టాప్‌కి ఏదీ కనపడకపోతే ఈసారి ఎక్కువ వెతకలేదు. తను గెస్ట్ వైఫైలో ఉంది. గెస్ట్ నెట్‌వర్క్ పనే అది, ఇంటర్నెట్ ఇచ్చి ఇంట్లోవాటిని దాచడం. అసలు వైఫైకి మార్చితే సరిపోయింది.

అలమరాలో ఒక పాత నెట్‌వర్క్ హార్డ్‌డిస్క్ కూడా ఉంది. దాన్ని తెరిస్తే కొత్త ల్యాప్‌టాప్, ఇది కాలం చెల్లిన ఎస్ఎంబీ 1 (విండోస్ ఫైల్ షేరింగ్ పద్ధతి మొదటి వెర్షన్) అడుగుతోంది, సురక్షితం కాదు అంది. విండోస్ ఫీచర్స్‌లో టిక్కు పెడితే ఎస్ఎంబీ 1 ఆన్ అవుతుంది, చాలామంది చెప్పే మందు అదే. నేను పెట్టలేదు. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్) ప్రపంచమంతా పాకింది ఆ ఎస్ఎంబీ 1లోని లొసుగు పట్టుకునే. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని కొత్త ఇన్‌స్టాల్స్‌లోంచి తీసేయడం మొదలుపెట్టింది. బదులుగా డిస్క్ ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశాను, దాని సెట్టింగ్స్‌లో ఎస్ఎంబీ 2 అనే మాట కొత్తగా కనపడింది. అదృష్టం, అన్ని పాత డిస్కులకీ అలాంటి అప్‌డేట్ ఉండదు.

ఎస్ఎంబీ 2 పెట్టాక ఇంకో సందేశం. మీ సంస్థ భద్రతా విధానాలు గెస్ట్ ప్రవేశాన్ని నిరోధిస్తున్నాయట. మా ఇంట్లో సంస్థ ఎక్కడిది? అది చదివి ల్యాప్‌టాప్ ఎవరో ఆఫీసు వాళ్లు వాడినదేమో, మాకు అంటగట్టారేమో అని కాసేపు అనుమానం కూడా వచ్చింది. సంగతేమిటంటే విండోస్ 11 ప్రో 24హెచ్2 వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ లేని గెస్ట్ కనెక్షన్లని మామూలుగానే ఒప్పుకోదు, పైగా ప్రతి కనెక్షన్‌కీ ఎస్ఎంబీ సైనింగ్ (వచ్చే ప్రతి సందేశం అసలైనదేనని రుజువు చేసే ముద్ర) కావాలంటుంది. ఎవరో ఏంటో చెప్పని గెస్ట్‌కి సైనింగ్ కుదరదు. డిస్క్‌లో ఒక యూజర్‌ని, పాస్‌వర్డ్‌ని తయారుచేసి దాంతో వెళితే మారు మాట్లాడకుండా తెరుచుకుంది. ఇంతకు ముందు ల్యాప్‌టాప్ హోమ్ ఎడిషన్ కాబట్టి ఈ గొడవ మాకు తగల్లేదు.

నవంబర్ రెండో వారంలో అన్నీ సర్దుకున్నాయనుకుంటుండగా కరెంటు పోయి వచ్చింది. రౌటర్ లేచి డెస్క్‌టాప్‌కి వేరే అడ్రస్ ఇచ్చింది, నేను పెట్టుకున్న షార్ట్‌కట్ చచ్చింది. రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ అనే చోట డెస్క్‌టాప్ మ్యాక్ అడ్రస్ (దాని నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరు) ఎదురుగా 192.168.0.14 రాసి పెట్టాను. ఆ తర్వాత కరెంటు ఎన్నిసార్లు పోయినా మారలేదు.

ఆ వారమే తెలిసినాయన ఒకరు, 445 పోర్టుని రౌటర్‌లో ఫార్వర్డ్ చేసుకుంటే, అంటే బయటి నుంచి దానికి దారి ఇస్తే, ఊరు వెళ్లినా ఫొటోలు చూసుకోవచ్చు అని ఉచిత సలహా ఇచ్చారు. ఆ పోర్టుని ఇంటర్నెట్‌కి తెరవడమంటే ప్రపంచంలోని ప్రతి స్కానర్‌కీ ఇంటి చిరునామా ఇవ్వడమే. వద్దన్నాను.

తేలనిది ఒక్కటే మిగిలింది. నా ఆఫీసు ల్యాప్‌టాప్ ఇంట్లో దేన్నీ చూడదు, అది వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వేసుకునే రహస్య దారి) కలిపినప్పుడు ఇంటి నెట్‌వర్క్‌ని పక్కన పెట్టేస్తుంది. మా ఐటీ వాళ్లని అడిగితే నాలుగు రోజులకి జవాబొచ్చింది, పాలసీ అంతే, మార్చరు. సరేలే అనుకున్నాను, ఇంటి ఫొటోలకి ఆఫీసు మెషిన్‌తో పనేముంది.

నెట్‌వర్క్ పేజీలో డెస్క్‌టాప్ పేరు ఇప్పటికీ అప్పుడప్పుడు కనపడదు. దాని వెంట పడటం మానేశాను. అడ్రస్‌తోనే జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేసి పెట్టుకున్నాను, తెరిస్తే తెరుచుకుంటోంది. అమ్మకి డెస్క్‌టాప్‌లో ఏ మార్పూ కనపడలేదు. "ఇన్నాళ్లూ ఏం చేశావే అక్కడ కూర్చుని?" అని అడిగింది.